చప్పుడు చెయ్యని అడుగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదేళ్ళుగా సింగపూర్‌లో ఇంజనీరుగా ఉన్నాను కాబట్టి అక్కడి మెట్రో గురించో, జీతాల గురించో చెప్తానని మిత్రులు అనుకుంటున్నారు. అవి భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. ఇప్పుడు మా అమ్మాయి చైనా నాట్యం నేర్చుకున్న సంగతి చెప్తాను.

అక్కడి హైస్కూళ్ళలో చదువుతోపాటు ఆటో, పాటో, నాట్యమో ఒకటి ఎంచుకోవాలి. సరదా వ్యవహారం కాదు, హాజరు వేస్తారు. విజయవాడలో ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకున్న మా పిల్ల పదమూడో ఏట చైనా నాట్య బృందంలో పేరిచ్చి వచ్చింది. ఆ బృందంలో భారతీయురాలు తనొక్కతే. "నేర్చుకున్నదంతా పాడవుతుంది" అని మా ఆవిడ బెంగ పెట్టుకుంది. అది ఉత్త భయం కాదు.

కూచిపూడిలో అరమండిలో కూర్చుని, మోకాళ్ళు పక్కలకు తెరిచి, పాదం నేలకేసి కొడతారు. గజ్జె పలకాలి. చైనా శాస్త్రీయ నాట్యంలో ఒక నడక ఉంది. మోకాళ్ళు దగ్గరగా పెట్టి, ముందు మడమ ఆన్చి, పాదాన్ని వేళ్ళదాకా దొర్లిస్తూ చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగాలి. నడుము పైభాగం కదలకూడదు, చప్పుడు అసలే రాకూడదు. మొదటి నెలలన్నీ ఇదే. మా పిల్ల అడుగు హాలంతా వినబడేదట. వెనక వరసలో నిలబెట్టారు. ఇంటికొచ్చి ఏడ్చేది, మానెయ్యమంటే మాత్రం మానేది కాదు.

తర్వాత ఊపిరి. పీలుస్తూ ఒళ్ళు పైకి తేలాలి, వదులుతూ దిగాలి, ఆ వెనకే చెయ్యి రావాలి. ఎడమకు పోవాలంటే ముందు కుడికి ఒరగాలి. ఈ నాట్యం చాలావరకు వాళ్ళ పాత సంగీత నాటకాల నుంచి, యుద్ధ విద్యల నుంచి వచ్చింది. నాటకాల నుంచి వచ్చినవే నీటి చేతులు. అంటే చొక్కా చేతులకు కుట్టిన పొడుగాటి తెల్ల పట్టుగుడ్డ. బలంగా విసిరితే అది లేవదు. మణికట్టు దగ్గర పుట్టిన అల గుడ్డ చివరిదాకా పోవాలి, మళ్ళీ మడతలు మడతలుగా మణికట్టు మీదికి చేరాలి. మా ఇంట్లో రెండు పాత పంచెలు ఈ సాధనకే చిరిగిపోయాయి.

బీజింగ్ నాట్య పాఠశాల 1954లో మొదలైనప్పుడు దాని మొదటి ప్రిన్సిపాల్ దై ఐలియన్. ఆమె పుట్టింది ట్రినిడాడ్‌లో, బాలే నేర్చింది లండన్‌లో. 1940లో చైనా చేరేనాటికి చైనా భాషే సరిగా రాదు. అక్కడి నాట్యాలన్నీ వెళ్ళి నేర్చుకున్నవే. టీచరు చెప్పిన ఈ కథ మా పిల్లకి బాగా పట్టింది.

మరుసటి ఏడు జూన్ సెలవుల్లో విజయవాడ వెళ్ళి కూచిపూడి మాస్టారికి చేసి చూపించింది. "అరమండి నాలుగు వేళ్ళు పైకి లేచిందమ్మా" అన్నారాయన. తర్వాత ఆ చైనా నడక నడవమన్నారు. చూసి, మళ్ళీ నడవమన్నారు. దానికి వంక పెట్టలేదు. అరమండిలో మాత్రం సెలవులన్నాళ్ళూ పొద్దున్నే గంటసేపు కూర్చోబెట్టారు. అది కుదురుకోవడానికి ఏడాది పట్టింది.

మూడో ఏట బృందానికి దున్‌హువాంగ్ పద్ధతి నాట్యం ఇచ్చారు. దున్‌హువాంగ్ గుహల్లోని బౌద్ధ చిత్రాల భంగిమల నుంచి తయారుచేసిన పద్ధతి అది. 1979లో వచ్చిన 'పట్టుదారిలో పూలవాన' అనే నృత్యనాటకంతో పేరుకెక్కింది. నడుము ఒక పక్కకి, భుజాలు ఇంకో పక్కకి, తల మళ్ళీ మరోవైపు. మన త్రిభంగికి చుట్టమే. మిగతా పిల్లలు తంటాలు పడుతుంటే టీచరు మా పిల్లని ముందు వరసకి పిలిచి, "ఈమెని చూసి నిలబడండి" అన్నారట.

ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతూ రెండు నాట్యాలూ సాధన చేస్తోంది. ఏ పండగ సభ జరిగినా రెంటినీ కలిపి ఒక అంశం చెయ్యమని అడుగుతారు. అలాంటి కలగలుపులు నాకూ అంత రుచించవు. ఎందుకు చెయ్యవని ఒకసారి అడిగాను.

"రెండూ ఇంకా రాలేదు నాన్నా" అంది.