కోరిక ముందు, తెలివి వెనుక



వైద్య పట్టభద్రులారా, మన పెద్దలు ఇచ్ఛాశక్తి, జ్ఞానశక్తి, క్రియాశక్తి అని ఒక వరుస పెట్టారు. అందులో ఇచ్ఛదే మొదటి పీట. తెలుసుకున్నాకే కోరుకుంటామని మనం అనుకుంటాం గానీ, ముందు పుట్టేది కోరికే. దానికి సాక్ష్యాలు వెతికిపెట్టే పని చదువు మీద పడుతుంది. బాగా చదువుకున్నవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. సాకులు చక్కగా కుదురుతాయి కదా!

ఈ బెడదకు లొంగని ఒక కథ చెబుతాను. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు మీకు తెలుసు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కొన్ని రకాల రక్తహీనతకు అది గొప్పగా పనిచేసింది. మరి రక్త క్యాన్సరైన ల్యుకేమియాకు ఎందుకు పనిచేయకూడదు? బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లం జాతి మందుల్ని ఆ జబ్బున్న పిల్లలకిచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది.

ఆ పిల్లలున్న వార్డును ఒకసారి ఊహించుకోండి. ఆ పిల్లలకు మరో దారి లేదు. తల్లిదండ్రుల ఆశ, డాక్టరు ఆశ, మందు చేసినవాళ్ల ఆశ అన్నీ ఒకవైపే లాగుతున్నాయి. మోతాదు చాల్లేదనో, జబ్బు ముదిరాక వచ్చారనో సర్దిచెప్పుకోవడం ఎంత తేలిక! ఫార్బర్ ఆ పని చేయలేదు. ఈ మందు జబ్బుకు మేత అవుతోందంటే, ఆ మేతను అడ్డుకునే మందు కావాలన్నారు. సుబ్బారావుగారి బృందం అమినోప్టెరిన్ అందించింది. 1948లో అచ్చయిన పత్రంలో 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనిపించిందని రాశారు. అది కొన్నాళ్ల ఉపశమనమేనని శీర్షికలోనే ఒప్పుకున్నారు. నన్నడిగితే, మందు కన్నా ఆ ఒప్పుకోలే కష్టమైన పని.

ఆ ఏడాదే సుబ్బారావుగారు 53 ఏళ్లకు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను పిల్లల ల్యుకేమియాలో ఇప్పటికీ వాడుతున్నాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వారానికోసారి చిన్న మోతాదులో మీరూ రాస్తారు. ఆ మోతాదులో అది కీళ్ల మీద ఎలా పనిచేస్తుందో ఇంతవరకూ పూర్తిగా తేలలేదు. ఓపీలో ఏ పెద్దమ్మో చీటీ పట్టుకుని, "ఇది ఎట్లా పనిచేస్తది సారూ?" అని అడగకపోదు. ఏం చెబుతారో ఇప్పుడే ఆలోచించుకోండి.