పొట్టి తూటా

బెంజ్ సర్కిల్ చెంత మా మిత్రుని ఇంట, టెక్సాస్ నుండి సెలవుకు వచ్చిన ఆయన కుమారుడు మమ్మొక సంగతి అడిగినాడు. తుపాకుల పుస్తకాల పిచ్చి మాకున్నదని ఎరుగును. అచ్చట జింకల వేటకు తూటాలు తానే కూర్చుకొనునట. బోల్టు నడక పొట్టిదైన రైఫిలుకు ఏ తూటా మేలు?

అందు ఇమిడే తూటా పొడవు సుమారు 71 మిల్లీమీటర్లే. 1906 నాటి .30-06కు ఇత్తడి గొట్టమే 63. గుండుతో కలిపిన అది ఇమడదు. 1952లో వచ్చిన .308 విన్చెస్టర్ గొట్టము 51. చిక్కెక్కడనగా, గాలిని చీల్చుకొనిపోవు పొడవాటి సన్నని గుండును వాడదలచినపుడు దానిని గొట్టములోనికి లోతుగా దింపవలె; దిగినంత మేర మందుకు చోటు తరుగును. 1997 నాటి .260 రెమింగ్టన్‌కు ఈ ఇబ్బంది కలదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ గొట్టమును 49కి కుదించి ఆ చిక్కు తగ్గించిరి.

రెండువందల గజాలలోని జింకకు .308 చాలును, ఖాళీ గొట్టాలూ సులభముగా దొరకును అంటిమి. అతడు క్రీడ్‌మోర్ వైపే మొగ్గినాడు. కుర్రవానికి దూరపు గురిమీద మోజు!

తండ్రి నవ్వినాడు. సైన్యపు .303 పౌరులకు నిషిద్ధమైనందున మన దేశమున వాడుకకు వచ్చిన .315 రైఫిలు, వారి తాతగారిది, 1972 వన్యప్రాణి చట్టము నాటినుండి వేటకు వెళ్లలేదట.