ముసలి ఎద్దును ఎవరు సాకాలె?

(వార్షిక మహాసభలో పశుపోషణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపుల లెక్క, అప్పుల వసూళ్ల లెక్క ఇంతకుముందే విన్నరు. మేము ఒక్క ముచ్చట చెప్పడానికే లేచినం. బర్రె కోసం లోన్ తీసుకునేటప్పుడు మనం సంఘంలో ఎన్నిసార్లు కూర్చుంటం? పాలెంత, ఎన్నో ఈత, ధర ఎంత, కిస్తీ ఎంత అని అన్నీ అడుగుతం. అదే బర్రె వట్టిపోయిన నాడు, ఎద్దు ముసలిదైన నాడు ఏం చెయ్యాలె అన్నది మాత్రం ఒక్క మీటింగులో కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడం వల్ల మనకే నష్టమైంది.

మన సంఘం అక్క ఒకామె ఎడ్ల జతను అమ్మడానికి ట్రాలీలో ఎక్కించింది. కాడి కింద పదేండ్లు పని చేసిన ఎడ్లు. దారిలో ఆపి కాయితాలు అడిగిండ్రు. డాక్టరు సర్టిఫికెట్ లేదు, కొన్ననాటి రసీదు లేదు. ఎడ్లు వేరే చోటికి పోయినయి. మళ్లా చేతికి వచ్చేలోపు కిరాయిలు, తిరుగుళ్లు, కూలి పోగొట్టుకున్న దినాలు కలిపితే ఎడ్ల ధరలో సగం కరిగింది. తప్పు ఎవరిదని మేము అడగడం లేదు. కాయితం ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనం కూడా చెప్పలేదు.

అందుకే చట్టం ఏమంటదో మనకు తెలిసినంత వరకు చెప్తం. పశువులను హింసించొద్దనే చట్టం 1960 నాటిది. పశువును కొట్టి హింసిస్తే మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలని అందులో రాసిండ్రు. పశువులను బండిలో తీసుకపోయే నియమాలు 1978లో వచ్చినయి. పశువు ప్రయాణానికి పనికొస్తదని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలె. ఒక లారీలో ఆరు పశువులకు మించొద్దు. వెంట ఒక మనిషి ఉండాలె, నీళ్లు, మేత, మందుల పెట్టె ఉండాలె. ఇక మన రాష్ట్రంలో 1977 చట్టం ఉన్నది. ఆవును, దూడను కోయడం నేరం. ఎద్దు, బర్రె విషయంలో ఇక పనికిరాదని అధికారి సర్టిఫికెట్ ఇస్తేనే కోతకు పోవాలె.

జాతీయ రహదారి మీద చిరాగ్‌పల్లి దాటితే కర్ణాటక. అక్కడ 2021 నుంచి వేరే చట్టం. ఆవును, ఎద్దును, 13 ఏండ్లు నిండని బర్రెను కోస్తే 3 నుంచి 7 ఏండ్ల జైలు, 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. మన చుట్టాలు అటు, వాళ్ల పశువులు ఇటు. రాష్ట్రం మారితే కట్టుబాటు మారుతదని మనకు యాదికి ఉండాలె.

2017 మే 23న కేంద్రం పశువుల అంగళ్ల మీద కొత్త నియమాలు తెచ్చింది. అందులో మంచి మాటలు చాలా ఉన్నయి. అంగట్లో నీడ, నీళ్ల తొట్టి, డాక్టరు ఉండాలన్నరు. కాల్చి వాతలు పెట్టొద్దు, పాల కోసం ఆక్సిటోసిన్ సూది వెయ్యొద్దు, దూడ తాగకుండ చన్నులకు పట్టీలు వెయ్యొద్దు అన్నరు. వీటికి ఎవరు కాదంటరు? అయితే వాటి వెంబడే ఇంకో మాట రాసిండ్రు. అంగట్లో ఆవు, ఎద్దు, బర్రె అమ్మితే కోతకు కాదని రాసియ్యాలె. కొన్నవాళ్లు వ్యవసాయదారులని రుజువు చూపాలె, ఆరు నెలల దాకా మళ్లా అమ్మొద్దు. అమ్మకం కాయితం ఐదు ప్రతులు తీయాలె. రాష్ట్రం సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపల పశువుల అంగడే ఉండొద్దు.

ఆ ఒక్క షరతు చాలు అక్కా. మన జహీరాబాద్‌కు కర్ణాటక ఎంత దూరమున్నది? ఆ లెక్కన ఇక్కడ పశువుల అంగడి పెట్టే వీలే ఉండకపోవు.

ఆ నియమాలు నిలవలేదు. మే 30న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం స్టే ఇచ్చింది. హైదరాబాద్ నుంచి ఖురేషీల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 2017 జూలై 11న ఆ స్టే దేశం మొత్తానికి వర్తిస్తదని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడు కోత మాట తీసేసి కేంద్రం కొత్త ముసాయిదా పెట్టింది.

నియమం ఆగినా మనసుల భయం ఆగలేదు. కొనేటోళ్లు ఎనకాముందు ఆడితే ధర పడుతది. ధర పడితే దెబ్బ ఎవరికి? ఒక చిన్న లెక్క చూద్దాం. వట్టిపోయిన బర్రెకు రోజుకు వంద రూపాయల మేత అనుకుందాం. నెలకు 3,000. ఆరు నెలలకు 18,000. పాలు లేవు, కిస్తీ మాత్రం ఆగదు. మేత మోసేది, పేడ ఎత్తేది, నీళ్లు పెట్టేది ఆడోళ్లమే. ముసలి పశువును అమ్మిన పైసలతోనే మనం కొత్త పశువుకు ముందుగాల పైసలు కడుతం. ఆ దారి మూసుకపోతే కొత్తది కొనడమే మానేస్తం. ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లోనే తయారైతున్నయి. ఎడ్లు ఊర్లల్లో ఎట్లా తగ్గుతున్నయో కండ్ల ముందే చూస్తున్నం. అమ్ముకునే దారి కూడా పోతే దేవణి జత కట్టేసే కొట్టమే ఉండదు. పశువును కాపాడాలని చేసిన నియమం పశువునే ఇంట్లో లేకుండ చేస్తే ఏం లాభం?

అట్లని అంతా సర్కారు మీదనే వెయ్యొద్దు. మన చేతులు కూడా చూసుకుందాం. కాళ్లు కట్టేసి దూడను ఆటోల పడేసింది మనమే కదా. ఎండాకాలం నీళ్లు తాపకుండ అంగడికి నడిపించింది మనమే. నడవలేని బర్రెను తోక మెలిపెట్టి లేపిండ్రంటే చూస్తూ ఊరుకున్నది మనమే. పదేండ్లు మనల్ని సాకిన ఎద్దుకు ఆఖరి ప్రయాణంలోనన్నా నీళ్లు పెట్టకపోతే మనకు పాపం.

అందుకని ఈ ఏడాది సమాఖ్య ముందు నాలుగు మాటలు పెడుతున్నం.

ఒకటి. పశువు కొన్న రసీదు, చెవి బిళ్ల మీది 12 అంకెల నంబరు సంఘం పుస్తకంలో రాయాలె. లోన్ ఇచ్చేటప్పుడే రాయాలె.

రెండు. అమ్మడానికి తోలే ముందు పశువుల దవాఖానలో సర్టిఫికెట్ తీసుకోవాలె. బండిలో ఆరు మించనియ్యొద్దు. ఒక్కదాన్నే పంపకుండ సంఘం నుంచి ఒకరు తోడు పోవాలె. పశువుకు రోగమొస్తే 1962కు ఫోన్ చెయ్యాలె.

మూడు. అంగట్లో నీళ్ల తొట్టి, నీడ, ఎక్కించడానికి దిగడానికి మట్టి దిబ్బ కావాలని మార్కెట్ కమిటీకి సమాఖ్య దరఖాస్తు పెట్టాలె. ఇవి కోర్టు ఆపిన నియమాల్లోని మంచి మాటలే. వాటికి చట్టం వచ్చేదాక ఆగాల్సిన పని లేదు.

నాలుగు. బర్రె లోన్ లెక్కలో వట్టిపోయిన నెలల మేత ఖర్చు కూడా కలపాలె. కిస్తీకి ఆ నెలల్లో వెసులుబాటు అడగాలె.

కొత్త నియమం ఏదన్నా వచ్చే ముందు పశువును కట్టేసే చేతులను ఒక్కసారి అడగండని కూడా పెద్దలకు మనవి. సాకే ఖర్చు ఎవరు పెట్టుకుంటరో చెప్పకుండ అమ్మొద్దంటే ఆ ఖర్చు మా మీదనే పడుతది.

పొయినేడు నష్టపోయిన అక్క ఇక్కడే, ముందు వరుసలో కూర్చున్నది. మళ్లా ఒక బర్రె కొనాలని దరఖాస్తు పెట్టింది. ఈసారి ఆమె కాయితాలన్నీ సంఘం పుస్తకంలో మేమే రాసిపెట్టినం. మీ ఊర్లల్ల కూడా రాయండి.