రంగుకు ముందు పునాది బీటలు



గ్రాట్యుటీ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవాళ్లం. సిమెంటు దిమ్మెల పునాది బీటవారితే రంగుతో కప్పేయకండి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. అందుకే నేను మా ఇంటి బీటల కొసలకు పెన్సిలు గీతలు గీసి, తేదీ వేసి, ఏడాది ఆగాను. మేస్త్రీ నవ్వాడు. ఒక మూల బీట గీత దాటింది. ఇంజనీరును పిలిస్తే స్నానాలగది నీళ్లు పునాదిలోకి దిగుతున్నాయని తేల్చారు. ముందు ఆ గొట్టం బాగుచేయించాను.

పెరగని బీటలను వెడల్పుగా చెక్కించి, దుమ్ము కడిగించి, తడి మీదనే 1 పాలు సిమెంటు, 3 పాళ్లు ఇసుకతో నింపించాను. 7 రోజులు తడిపాం. వాననీరు గోడకు దూరంగా పోయేలా నేల వాలు సరిచేయించాను. గోడ పూర్తిగా ఆరాకే రంగు వేయించాను.

పండక్కి రంగు ఆలస్యమైనా ఫరవాలేదు, ముందు బీట సంగతి చూసుకోండి. సెలవు.