జీతం ఒక చేత, ప్రయత్నం ఒక చేత
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించి చెబుతాననే చాలామంది అనుకొని ఉంటారు. ఆ సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు. నేను మన ఇళ్లలో నలుగుతున్న మరో సంగతి ఎత్తుకుంటాను. మనుమడు ఉద్యోగం చేస్తూనే ‘స్టార్టప్’ పెడతానంటాడు. తండ్రి వద్దంటాడు. తల్లి భయపడుతుంది. చివరకు పంచాయితీ తాతల దగ్గరకు వస్తుంది. మనం వెంటనే రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దని సామెత చెప్పి పంపేస్తాము. ఆ సామెత అన్ని వేళలా చెల్లదని నా అభిప్రాయం.

ఎక్కడో అమెరికా ఉదాహరణ అక్కరలేదు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేట చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం గారినే తీసుకోండి. పోచంపల్లి రకం చీరలకు రంగులద్దే ముందు, అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును చేత్తో తిప్పాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1992లో ఆయన యంత్రం చేయ పూనుకున్నారు. పెద్ద చదువు లేదు, పెట్టుబడి లేదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడు ఒక భాగం కొనడం, లేనప్పుడు ఆగడం. ఊళ్లో ఇక మానుకోమన్నవారే ఎక్కువ.

1997లో హైదరాబాదు వెళ్లి కరెంటు పనుల్లో కూలికి కుదిరారు. కూలితో ఇల్లు గడుపుతూ, మిగిలింది యంత్రానికి పెట్టేవారు. బాలానగర్‌లో ఒకచోట పనికి వెళ్లినప్పుడు, అక్కడి యంత్రం కదలికలో తనకు అంతుపట్టకుండా ఉన్న చిక్కు విడిపోయింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. చేత్తో ఐదారు గంటలు పట్టే పని రెండు గంటల లోపుకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

ఇందులో నాకు తోచిన నీతి ఒకటి ఉంది. ఆ ప్రయత్నానికి ఏడేళ్లు పట్టింది. అప్పు తెచ్చి చేసి ఉంటే వడ్డీ అన్నేళ్లు ఆగేది కాదు. కూలి డబ్బు ఆయనకు యంత్ర భాగాలనే గాక ఓపికను కూడా కొనిపెట్టింది. పైగా ఆ కూలి పనే కావలసిన ఉపాయం చూపింది. కాబట్టి ఉద్యోగం ప్రయత్నానికి శత్రువు కాదు.

అయితే రెండు లెక్కలు సరిగ్గా ఉండాలి. మొదటిది కాలం లెక్క. సర్కారు ఉద్యోగికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే వ్యాపారం కూడదని మనకందరికీ తెలుసు. నేను పని చేసిన ఒక కార్యాలయంలో ఒకాయన హాజరు పట్టీలో సంతకం చేసి, మధ్యాహ్నానికల్లా తన దుకాణంలో ఉండేవాడు. ఆయన బల్ల మీది కాగితాల్లో ఒక వితంతువు కుటుంబ పెన్షన్ దరఖాస్తు నెలల తరబడి కదలలేదు. ఆ దుకాణానికి అసలు పెట్టుబడి పెట్టింది ఆమే! ప్రైవేటు కొలువుల్లోనూ అంతే. 2022లో విప్రో కంపెనీ, పోటీ సంస్థలకు పని చేస్తున్నారంటూ 300 మందిని తీసివేసింది. కనుక పిల్లలు ముందు తమ నియామక పత్రం ఆసాంతం చదువుకోవాలి. కంపెనీ వేళలు, కంపెనీ కంప్యూటరు సొంత పనికి వాడరాదు. అలాగే రాత్రుళ్లు, ఆదివారాలు ధారపోసేటప్పుడు ఇంటి ఇల్లాలిని కూడా అడగాలి. ఆమె కాలం కూడా అందులో కరుగుతుంది.

రెండవది ఎప్పుడు ఉద్యోగం వదలాలనే లెక్క. 2005 దీపావళికి ఊరికి వద్దామంటే బస్సు టికెట్ దొరకని నిజామాబాదు ప్రాంతపు యువకుడు ఫణీంద్ర సామ గారు, అప్పుడు బెంగుళూరులో ఉద్యోగి. స్నేహితులతో కలిసి ముందు సెలవు రోజుల్లో పని చేసి చూశారు. పని సాగుతుందన్న నమ్మకం చిక్కాకే ఉద్యోగాలు వదిలి, 2006లో రెడ్‌బస్ ప్రారంభించారు. ఆశ పుట్టగానే రాజీనామా రాయకూడదు. ముందు డబ్బిచ్చి కొనేవారు దొరకాలి, ఇంటి ఖర్చుకు కొన్ని నెలల సొమ్ము విడిగా ఉండాలి.

చివరగా మన మాట. మనుమల మీది ప్రేమతో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము మొత్తం వాళ్ల చేతిలో పెట్టకండి. ఆ డబ్బు పోతే మళ్లీ సంపాదించే వయసు మనకు లేదు. వాళ్లకు ఉంది. ఇవ్వదలచుకుంటే, పోయినా బాధపడనంత మాత్రమే, భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకొని ఇవ్వండి. డబ్బు కంటే మనం బాగా ఇవ్వగలిగింది వేరే ఉంది. ముప్పై ఏళ్లు నగదు పుస్తకాలు రాసిన చేతులు మనవి. వారానికొక్క సాయంత్రం వాళ్ల జమాఖర్చులు చూసి, “బాబూ, ఈ రూపాయి ఎక్కడికి పోయింది?” అని అడగండి. అంత సూటిగా అడిగేవాళ్లు వాళ్లకు మరొకరు దొరకరు.