మనవలకు తీగల సిద్ధాంతం



స్ట్రింగ్ థియరీ అంటే ఏమిటని మనవలు అడిగితే "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అనకండి. బెల్లం ముక్కతో మొదలుపెట్టండి. చితక్కొడితే పొడి, పొడిలో అణువులు, వాటిలో పరమాణువులు, ఇంకా లోపల ఎలక్ట్రాన్లు, క్వార్కులు. ఇంతవరకు ప్రయోగాలలో తేలినదే.

ఆ ఎలక్ట్రాను చుక్క కాదు, కంపిస్తున్న అతి సన్నని తీగ అంటుంది ఈ సిద్ధాంతం. వీణమీద తీగ ఒకటే, మెట్టు మారితే స్వరం మారుతుంది. అలాగే ఒకే రకం తీగ ఒక తీరున కంపిస్తే ఎలక్ట్రాను, మరో తీరున వెలుగు కణం, ఇంకో తీరున గురుత్వాకర్షణను మోసే కణం. శాస్త్రజ్ఞులను ఆకట్టుకున్నది ఈ చివరిదే.

"ఏదీ, చూపించు తాతయ్యా" అంటారు. చూపలేం. పరమాణువును భూగోళమంత చేసినా, తీగ అసలు పరమాణువుకంటే ఎంతో చిన్నదిగానే ఉంటుందని అంచనా. పది కొలతల సంగతి మాత్రం పిల్లల దగ్గర నేనెత్తను!

1968లో వెనెజియానో రాసిన సూత్రంతో ఈ ఆలోచన మొదలైంది. మన అశోక్ సేన్‌కు ఇందులో కృషికే 2012లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అయినా నేటివరకు ఏ ప్రయోగమూ దీన్ని నిర్ధారించలేదు. ఈ మాట దాచకండి. నాదబ్రహ్మమని మన పెద్దలు ఎప్పుడో చెప్పారని ముడిపెట్టకండి కూడా. ఇది లెక్కల్లోంచి పుట్టినది.

ఇంట్లో వీణ లేదా? ఖాళీ అగ్గిపెట్టెకు రబ్బరుబ్యాండు తగిలించి మీటండి. వేలు జరిపి మళ్లీ మీటమని పిల్లలకివ్వండి.