జపాన్‌లో రైలు పాసు: కొనేముందు వేయవలసిన లెక్క



పండుగ సభలో రైలు టిక్కెట్ల ప్రసంగమేమిటని కొందరు నవ్వవచ్చు. కాని మన మలేసియా తెలుగు కుటుంబాలలో జపాన్ చూచి రావాలనుకొనేవారు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటే: "ఆ రైలు పాసు కొనమంటారా?" నేను కొని చేతులు కాల్చుకొన్నవాణ్ణి కనుక చెప్పే అర్హత కొంత ఉన్నదనుకొంటాను.

2018లో అమ్మను, నా భార్యను వెంటబెట్టుకొని టోక్యో వెళ్ళాను. ఏడు రోజుల పాసు అప్పట్లో 29,000 యెన్‌ల పైచిలుకు. మూడు కొన్నాను. కౌంటరులో "ఏనాటి నుంచి?" అని అడిగితే "ఈ రోజే" అన్నాను. ఐరోపా పాసుల్లో ఒక నెలలో మనకు నచ్చిన ఐదు రోజులో, ఏడు రోజులో వాడుకొనే రకమొకటి ఉన్నది. ఇదీ అంతేననుకొన్నాను. కాదు. జపాన్ పాసు మొదలైన రోజునుంచి వరుసగా ఏడు రోజులు. మనం హోటల్లో నిద్రపోతున్నా అది కరిగిపోతూనే ఉంటుంది. మేము నాలుగు రోజులు టోక్యోలోనే తిరిగాము. అదీ ఎక్కువగా భూగర్భ రైళ్ళలో. పాసు చెల్లేది జేఆర్ రైళ్ళలోనే గాని, వాటిలో కాదు! ఐదవనాడు క్యోటో వెళ్ళాము. ఎనిమిదవనాడు తిరుగు ప్రయాణం. పాసు అప్పటికే చచ్చిపోయింది. మనిషికి సుమారు 14,000 యెన్‌లు పోసి మూడు టిక్కెట్లు కొన్నాను.

వెళ్ళేటప్పటి సంగతి ఒకటి చెప్పాలి. అమ్మ తండ్రిని 1943లో ఎస్టేటునుంచి సయాం-బర్మా రైలుమార్గం పనికి జపాను సైన్యం పట్టుకుపోయింది. ఆయన తిరిగి రాలేదు. మీలో ఎన్నో ఇళ్ళలో ఇటువంటి కథ ఉంటుంది. షింకాన్‌సెన్‌లో అమ్మ కిటికీ దగ్గర కూర్చొని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అయ్య వేసిన రైలు ఇంత సాఫీగా పోయి ఉండదురా" అన్నది. నాకు ఏమనాలో తోచలేదు. తిరుగు టిక్కెట్ల డబ్బు కడుతూ నేను చిరచిరలాడుతుంటే, "పోనీలే, ఇంటికి చేరే టిక్కెట్టు దొరికింది గదా" అన్నదీ ఆవిడే.

ఇక లెక్కకు వద్దాము. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాసు 50,000 యెన్‌లకు, పద్నాలుగు రోజులది 80,000కు పెరిగింది. అంతకుముందు టోక్యో-క్యోటో రానుపోను చార్జీయే పాసు ధరకు దగ్గరగా ఉండేది. ఆ పాత మాట ఇంకా చాలామంది నోట ఉన్నది, నమ్మకండి. రానుపోను సుమారు 28,000 అయ్యే ప్రయాణానికి 50,000 ఎందుకు పెట్టాలి? టోక్యోనుంచి క్యోటో, అక్కడినుంచి హిరోషిమా, మళ్ళీ టోక్యో చేరినా సుమారు 45,000 దాటదు. ఏడు రోజుల్లో హకాటాదాకా పోయి వచ్చి, మధ్యలో దిగి ఊళ్ళు చూచేవారికైతే గిట్టుతుంది. ఒక్క క్యోటో-ఒసాకా ప్రాంతమే చూచేవారికి ప్రాంతీయ పాసులు వేరే ఉన్నాయి, అవి చౌక.

పాసు కొన్నవారు నొజొమి బండి ఎక్కాలంటే అదనపు చార్జీ కట్టాలి. టోక్యో-క్యోటోకు అది దాదాపు 5,000. హికారి బండికి ఆ బాధ లేదు, అరగంట ఆలస్యం అంతే. పిల్లలకు ఆరునుంచి పదకొండేళ్ళవరకు సగం ధర. మన వాళ్ళ పెట్టెల సంగతి తెలిసిందే: పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు మించితే టొకాయిదో మార్గంలో పెట్టె స్థలమున్న సీటు ముందుగా రిజర్వు చేసుకోవాలి. చేసుకోకపోతే 1,000 యెన్‌లు వసూలు చేస్తారు. విమానాశ్రయంలో పాస్‌పోర్టుమీద తాత్కాలిక సందర్శకుల చీటీ అంటించారో లేదో చూచుకొని కదలండి. అది లేకపోతే పాసు ఇవ్వరు. పాసు పోతే మరొకటి ఇవ్వరు.

2024లో మళ్ళీ వెళ్ళినప్పుడు నేను పాసు కొనలేదు. ఏ రోజు ఏ ఊరో కాగితంమీద వ్రాసి, పక్కన చార్జీ వేసి కూడాను. 50,000కు చాలా దూరంలో ఆగింది. విడి టిక్కెట్లే తీసుకొన్నాను.

భోజనాల తరువాత వెనుక బల్లదగ్గర ఉంటాను. మీ ఊళ్ళ పట్టిక తెస్తే కూర్చొని లెక్క వేద్దాము. పెన్సిలు నా దగ్గర ఉన్నది.